గమన నియమాలు బట్టీ పట్టకుండా నేర్చుకోవడం ఎలా: ఏడు నుంచి తొమ్మిదో తరగతి పిల్లల కోసం

మా ట్యూషన్‌కు వచ్చే ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరోజు న్యూటన్ మొదటి నియమాన్ని అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. వెంటనే వరండాలో ఒక బంతి దొర్లించాను. అది గోడ దాకా పోకుండానే ఆగిపోయింది. "ఎందుకు ఆగింది?" అని అడిగితే, "దాంట్లో బలం అయిపోయింది సార్" అంది.

ఆ పిల్ల తెలుగు సరిగ్గానే మాట్లాడింది. మనం రోజూ వాడే తెలుగులో బలం అంటే ఒంట్లో ఉండేది. తిండి తింటే వస్తుంది, జ్వరం వస్తే పోతుంది. "రాగి జావ తాగు, బలం" అంటాం. సైన్సు పుస్తకం అదే మాటను తీసుకుని వేరే అర్థంలో వాడుతుంది. ఆ తేడా గురించి పిల్లలకు ఎవరూ చెప్పరు. సగం పాఠం అక్కడే పోతుంది. బలం, బరువు, చర్య, ప్రతిచర్య... ఈ పాఠంలో కష్టం లెక్కల్లో కన్నా ఈ మాటల్లోనే ఎక్కువ. అందుకే ఇక్కడ న్యూటన్ నాలుగో మెట్టు దాకా రాడు. ముందు మాట, తర్వాత బొమ్మ, తర్వాత ఘర్షణ, ఆపైనే నియమాలు.

రోజుకో మెట్టు చొప్పున వారంలో అయిపోతుంది. ఒక నోట్‌బుక్, క్యారమ్ బోర్డు, పౌడరు, రెండు రబ్బరు బ్యాండ్లు, స్కేలు, గోళీ, మీటరు పొడవు ప్లాస్టిక్ పైపు, బొమ్మ లారీ, బెలూన్, స్ట్రా, దారం దగ్గర పెట్టుకోండి. స్ప్రింగ్ త్రాసు దొరికితే ఇంకా మంచిది.

మొదటి మెట్టు: "ఎవరు, దేన్ని, ఎటు?"

బలం వస్తువు లోపల దాచుకునేది కాదు. రెండు వస్తువుల మధ్య జరిగేది. ఒకటి ఇంకోదాన్ని నెట్టడమో లాగడమో, అంతే. కాబట్టి బలం గురించి ఏం రాసినా ఇలాంటి వాక్యంగానే రాయండి: "చేయి తలుపును లోపలికి నెడుతోంది." "ఎద్దు బండిని ముందుకు లాగుతోంది." ఎవరు, దేన్ని, ఎటు, మూడూ ఉండాలి. "ఎవరు" అన్న చోట రాయడానికి ఏమీ దొరకలేదంటే అలాంటి బలం అసలు లేదన్నమాట.

ఇంట్లో కనిపించే పది సంఘటనలు తీసుకుని పది వాక్యాలు రాయండి. బావి దగ్గర చేద తోడటం, చీపురుతో ఊడవటం, చపాతీ ఒత్తడం, ఏదైనా సరే. రాసేటప్పుడు ఇంకొకటి చూసుకోండి: ఆ రెండు వస్తువులూ ఒకదాన్నొకటి తాకుతున్నాయా? తాకకుండా పనిచేసేవి మీ తరగతికి మూడే. భూమి లాగడం, అయస్కాంతం, తలకు రుద్దిన దువ్వెన కాగితం ముక్కల్ని లాగడం. మిగతావన్నీ తాకితేనే.

ఇప్పుడు చిన్న పరీక్ష. బ్యాటుతో కొట్టిన బంతి గాల్లో ఎగురుతోంది. ఆ క్షణంలో దాని మీద పనిచేస్తున్న బలాలు ఏవి? దాదాపు ప్రతి పిల్లాడూ మొదట "బ్యాటు బలం" అని రాస్తాడు. బ్యాటు ఇప్పుడు బంతిని తాకుతోందా? లేదు. కాబట్టి ఆ బలం లేదు. భూమి బంతిని కిందికి లాగుతోంది, గాలి బంతిని వెనక్కి నెడుతోంది. ఇంకేమీ లేవు. మరి ముందుకు ఎలా పోతోంది? ఆ ప్రశ్నను అలాగే ఉంచుకోండి. నాలుగో మెట్టు దగ్గర పనికొస్తుంది.

రెండో మెట్టు: ఒక్క వస్తువు, దాని మీద బాణాలు

వాక్యాలు వచ్చాక బొమ్మ గీయాలి. ఏ వస్తువు గురించి అడిగారో దాన్ని మాత్రమే ఒక డబ్బాగా గీయండి. బల్ల, నేల, మనిషి ఏదీ గీయొద్దు. ఆ వస్తువును ఎవరెవరు నెడుతున్నారో, లాగుతున్నారో ఒక్కొక్కరికీ ఒక బాణం. పెద్ద బలానికి పొడుగు బాణం.

బల్ల మీద పుస్తకం తీసుకుందాం. భూమి పుస్తకాన్ని కిందికి లాగుతోంది, ఒక బాణం. బల్ల పుస్తకాన్ని పైకి నెడుతోంది, రెండో బాణం. ఇక్కడ పిల్లలకు అనుమానం వస్తుంది: ప్రాణం లేని బల్ల ఎలా నెడుతుంది? రెండు గ్లాసుల మీద ప్లాస్టిక్ స్కేలు అడ్డంగా పెట్టి, దాని మీద బరువైన డబ్బా ఉంచండి. స్కేలు కిందికి వంగుతుంది. మీ వేలు స్కేలు కింద పెట్టక్కర్లేదు, ఆ వంపే డబ్బాను పైకి నెడుతోంది. డబ్బా తీయగానే స్కేలు టక్కున పైకి లేస్తుంది. బల్ల కూడా అలాగే వంగుతుంది, కంటికి కనిపించనంత కొద్దిగా. పుస్తకాల్లో దీన్నే అభిలంబ బలం అంటారు.

బాణాలన్నీ కలిపితే మిగిలేది ఫలిత బలం. తాడు లాగే ఆటలో ఒక జట్టు తాడును 300 న్యూటన్లతో, ఎదుటి జట్టు 340 న్యూటన్లతో లాగితే ఫలితం 40 న్యూటన్లు, ఎదుటి జట్టు వైపు. న్యూటన్ అంటే ఎంత అని కంగారు పడొద్దు. వంద గ్రాముల సబ్బును అరచేతిలో పెట్టుకుంటే చేతికి తెలిసే భారం దాదాపు ఒక న్యూటన్.

మూడో మెట్టు: ఘర్షణను పట్టుకోవడం

ఈ మెట్టు మీద తొందరపడకండి. కదలిక గురించి రెండు వేల ఏళ్ల పాటు పెద్దపెద్ద వాళ్లు కూడా పొరబడటానికి ముఖ్య కారణం ఘర్షణ, అంటే తాకి ఉన్న వస్తువు కదలికను అడ్డుకునే బలం, కంటికి కనిపించకపోవడమే.

పౌడరు వేయకుండా క్యారమ్ బోర్డు మీద స్ట్రైకర్ కొట్టండి. తర్వాత పౌడరు చల్లి, వీలైనంత అదే దెబ్బతో కొట్టండి. మొదటిసారి మధ్యలో ఆగేది రెండోసారి అంచుకు తగిలి వెనక్కి కూడా వస్తుంది. మీ దెబ్బ మారలేదు, బోర్డు స్ట్రైకర్‌ను వెనక్కి నెట్టడం తగ్గింది. వాక్యం రాయండి: "బోర్డు స్ట్రైకర్‌ను వెనక్కి నెడుతోంది." ఎవరు అన్న చోట పేరు దొరికింది చూశారా. వరండాలో బంతిని ఆపింది కూడా అదే: నేల.

ఇప్పుడు పుస్తకాల బ్యాగుకు రబ్బరు బ్యాండ్ తగిలించి, నేల మీద మెల్లగా లాగండి. పక్కన స్కేలు పెట్టి చూడండి. బ్యాండ్ సాగుతూ పోతుంది, బ్యాగు కదలదు. ఇంకా సాగుతుంది. ఒక్కసారిగా బ్యాగు కదులుతుంది, ఆ క్షణంలో బ్యాండ్ కాస్త కురచవుతుంది. కదిలించడానికి కావాల్సిన లాగుడు ఎక్కువ, కదిలాక అలాగే నడిపించడానికి కావాల్సింది తక్కువ. మొదటిది స్థైతిక ఘర్షణ, రెండోది జారుడు ఘర్షణ. బ్యాగు కింద నాలుగు గుండ్రటి పెన్సిళ్లు పెట్టి లాగితే బ్యాండ్ సాగనట్టే ఉంటుంది, అది దొర్లుడు ఘర్షణ.

సంక్రాంతికి మన పల్లెల్లో ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలు చూసినవాళ్లకు ఇది కళ్లకు కడుతుంది. ఇచ్చిన సమయంలో బండను ఎంత దూరం లాగాయో కొలుస్తారు. నిలిచిన బండను కదిలించేటప్పుడు గిత్తలు మెడలు వంచి, గిట్టలు నేలలోకి దిగేలా తన్నిపెట్టి లాగుతాయి. బండ ఒకసారి కదిలిందా, అడుగులు పడటం మొదలవుతుంది. మళ్లీ ఆగిందంటే మళ్లీ మొదటి కష్టం పడాలి. అందుకే తోలేవాళ్లు దాన్ని ఆగనివ్వరు.

చాలామంది మార్కులు పోగొట్టుకునే ప్రశ్న ఒకటుంది. బీరువాను 100 న్యూటన్లతో నెట్టాను, కదల్లేదు. ఘర్షణ ఎంత? "100 కన్నా ఎక్కువ" అని రాస్తారు. నిజంగా ఎక్కువైతే ఏమవుతుంది? బీరువా మీ మీదికే వస్తుంది! అలా ఎప్పుడూ జరగదు. ఘర్షణ సరిగ్గా 100 న్యూటన్లే. మీరు 150తో నెట్టినా కదలకపోతే అప్పుడు 150. తన హద్దు దాకా స్థైతిక ఘర్షణ మీరు ఎంత నెడితే అంతే తిరిగి నెడుతుంది.

నాలుగో మెట్టు: మొదటి నియమం, జడత్వం

ప్లాస్టిక్ పైపును ఉయ్యాల ఆకారంలో వంచి పట్టుకుని, ఒక చివర నుంచి గోళీ వదలండి. అవతలి వైపు దాదాపు వదిలిన ఎత్తు దాకా ఎక్కుతుంది. అవతలి చివరను కొంచెం దించి ఏటవాలు తగ్గించండి. గోళీ అదే ఎత్తు అందుకోవడానికి ఇంకా దూరం పోతుంది. ఇంకా దించితే ఇంకా దూరం. ఇక అవతలి వైపును పూర్తిగా నేల మీద పరిచేస్తే? ఎక్కడానికి ఎత్తే లేదు. ఘర్షణ కూడా లేకపోతే అది ఎప్పుడు ఆగాలి? ఆగడానికి కారణమే లేదు.

సుమారు నాలుగు వందల ఏళ్ల కిందట ఇటలీలో గెలీలియో ఇదే దారిలో ఆలోచించాడు. అంతకు ముందు గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ చెప్పిన మాటే అందరూ నమ్మారు: కదులుతూ ఉండాలంటే ఎవరో ఒకరు నెడుతూ ఉండాలని. గెలీలియో ప్రశ్నను తిప్పేశాడు. ఎందుకు కదులుతోంది అని కాదు, ఎందుకు ఆగింది అని అడగాలి. న్యూటన్ 1687లో దాన్నే తన మొదటి నియమంగా అచ్చు వేయించాడు: ఫలిత బలం లేనంత కాలం నిలిచిన వస్తువు నిలిచే ఉంటుంది, కదిలే వస్తువు అదే వేగంతో తిన్నగా పోతూనే ఉంటుంది. 1977లో బయల్దేరిన వాయేజర్-1 వ్యోమనౌక ఈ రోజుకీ సెకనుకు సుమారు 17 కిలోమీటర్లు పోతోంది. వెనక నుంచి ఏ ఇంజనూ నెట్టడం లేదు. గాల్లో ఎగిరే బంతి ప్రశ్నకు జవాబు ఇదే. ముందుకు పోవడానికి బలం అక్కర్లేదు, వేగం మారడానికే బలం కావాలి.

క్యారమ్ బోర్డు మీద ఎనిమిది కాయిన్లు దొంతర పేర్చండి. స్ట్రైకర్‌ను గట్టిగా అడుగు కాయిన్‌కు కొట్టండి. అది ఎగిరిపోతుంది, పైన ఏడూ ఉన్నచోటే టప్పున కిందికి దిగుతాయి. ఇప్పుడు అదే అడుగు కాయిన్‌ను వేలితో మెల్లగా నెట్టండి. దొంతరంతా దాంతోపాటే కదులుతుంది. రెండుసార్లూ అడుగు కాయిన్ పైదాన్ని ఘర్షణతో లాగింది. మొదటిసారి ఆ లాగుడు రెప్పపాటు మాత్రమే ఉంది, పైవాటి స్థితి మార్చడానికి అది చాలలేదు. స్థితి మారకుండా ఉండే ఈ గుణమే జడత్వం. చింత కొమ్మ ఊపితే కాయలు రాలడం, దులిపితే దుప్పటి దుమ్ము రాలడం, రెండిట్లో ఉన్నది ఇదే.

బస్సు సడన్ బ్రేకు వేస్తే "ముందుకు తోసేసింది" అంటాం. మన వాక్యంలో పెట్టి చూడండి. ఎవరు తోశారు? వెనక ఎవరూ లేరు, గాలి తోయలేదు. "ఎవరు" ఖాళీ. కాబట్టి ముందుకు తోసే బలమే లేదు. బస్సు ఆగింది, బస్సు అడుగు మీ కాళ్లను పట్టి ఆపింది, పై ఒళ్లు మాత్రం ఇంతసేపూ పోతున్న వేగంతోనే పోయింది. కారులో సీటు బెల్టు చేసే పని ఆ ఒంటిని వెనక్కి లాగడం.

ఐదో మెట్టు: రెండో నియమం

ఫలిత బలం ఉంటే వేగం మారుతుంది. ఎంత తొందరగా మారుతుందో చెప్పేది త్వరణం. సైకిల్ వేగం సెకనుకు 2 మీటర్ల నుంచి మూడు సెకన్లలో 8 మీటర్లకు పెరిగితే, పెరిగింది 6, సెకనుకు 2 చొప్పున. త్వరణం 2 మీటర్లు/సెకను².

బొమ్మ లారీకి దారం కట్టి, బల్ల అంచు మీదుగా కిందికి వేలాడదీసి, చివర ఒక చిన్న తాళం కట్టండి. వదిలితే లారీ వేగం పుంజుకుంటూ వస్తుంది. లారీలో ఇసుక పోసి మళ్లీ వదలండి, మెల్లగా పుంజుకుంటుంది. ఇసుక అలాగే ఉంచి రెండు తాళాలు కట్టండి, మళ్లీ చురుకవుతుంది. తాళం కూడా కదులుతుంది కాబట్టి ఇది కచ్చితమైన కొలత కాదు, పోల్చుకోవడానికి చాలు. ద్రవ్యరాశి (వస్తువులో ఉన్న పదార్థం) పెరిగితే త్వరణం తగ్గుతుంది, బలం పెరిగితే త్వరణం పెరుగుతుంది. ఫలిత బలం = ద్రవ్యరాశి × త్వరణం.

ఒక లెక్క. సూపర్ మార్కెట్‌లో సరుకులతో కలిపి 20 కిలోల ట్రాలీని 30 న్యూటన్లతో నెట్టారు. ఘర్షణ 10 న్యూటన్లు. ఫలితం 20 న్యూటన్లు, త్వరణం 20 ÷ 20 = 1. ఇప్పుడు బియ్యం మూటలు వేస్తే ట్రాలీ 40 కిలోలైంది, ఘర్షణా 20కి పెరిగింది. నెట్టుడు అదే 30. ఫలితం 10, త్వరణం 10 ÷ 40 = 0.25. ద్రవ్యరాశి రెట్టింపైతే త్వరణం సగమవుతుందని తొందరపడితే తప్పుతారు, అది నాలుగో వంతుకు పడిపోయింది. ముందు బొమ్మ, తర్వాత ఫలిత బలం, ఆ తర్వాతే సూత్రం. గ్రాముల్లో ఇస్తే కిలోల్లోకి మార్చడం మరవొద్దు.

బరువు అనే మాట దగ్గర కూడా ఒక చిక్కుంది. కొట్లో "కిలో బరువు" అంటాం. కిలో అనేది ద్రవ్యరాశి, అంటే వస్తువులో ఉన్న పదార్థం. భారం అంటే భూమి దాన్ని లాగే బలం, అది న్యూటన్లలో. 50 కిలోల మనిషి భారం 50 × 9.8 = 490 న్యూటన్లు. అదే మనిషి చంద్రుడి మీద 50 కిలోలే, భారం మాత్రం దాదాపు 80 న్యూటన్లు. పాతకాలం తక్కెడను చంద్రుడి మీదికి తీసుకెళ్లినా కిలో రాయికి కిలో బెల్లమే తూగుతుంది, ఎందుకంటే రెండు పళ్లేల మీదా లాగుడు ఒకేలా తగ్గుతుంది. స్ప్రింగ్ త్రాసు మాత్రం ఆరో వంతు చూపిస్తుంది.

మరి బరువైనవి తొందరగా పడాలి కదా? పది రెట్లు ద్రవ్యరాశి ఉంటే భూమి పది రెట్లు లాగుతుంది, కానీ కదిలించడమూ పది రెట్లు కష్టం. రెండూ సరిపోయి త్వరణం ఒకటే అవుతుంది. ఈకను ఆలస్యం చేసేది గాలి. 1971లో అపోలో-15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ గాలి లేని చంద్రుడి మీద సుత్తి, ఈక ఒకేసారి వదిలితే రెండూ కలిసే నేలను తాకాయి.

ఇక క్యాచ్. 160 గ్రాముల క్రికెట్ బంతి సెకనుకు 20 మీటర్ల వేగంతో వస్తోంది. చేతులు బిగబట్టి 0.02 సెకన్లలో ఆపితే త్వరణం 1000, బలం 0.16 × 1000 = 160 న్యూటన్లు. చేతులు వెనక్కి లాక్కుంటూ 0.1 సెకన్లలో ఆపితే 32 న్యూటన్లే. వేళ్లు చిట్లడానికీ, చప్పట్లు కొట్టించుకోవడానికీ తేడా ఆ కొద్దిపాటి సమయం. హెల్మెట్ లోపల థర్మోకోల్ లాంటి మందపాటి పొర ఉండేది అందుకే. అది నలుగుతూ తల ఆగే సమయాన్ని పెంచుతుంది. బండి మీద వెనక కూర్చునే మీకూ అది కావాలి. ఇంట్లో వాళ్లను అడిగి కొనిపించుకోండి.

ఆరో మెట్టు: మూడో నియమం, వాక్యాన్ని తిరగేయడం

"చర్య, ప్రతిచర్య" అనగానే ముందు ఒకటి జరిగి, దానికి బదులుగా తర్వాత ఇంకోటి జరుగుతుందని అనిపిస్తుంది. అలా కాదు. రెండూ ఒకే క్షణంలో మొదలై ఒకే క్షణంలో ఆగుతాయి. ఏది చర్య, ఏది ప్రతిచర్య అన్న పట్టింపే లేదు.

మన వాక్యంలో పేర్లు తారుమారు చేయండి, జత దొరుకుతుంది. "చేయి గోడను అటు నెడుతోంది." "గోడ చేయిని ఇటు నెడుతోంది." అంతే బలం, ఎదురు దిశ. మరి పుస్తకం మీద భూమి లాగుడు, బల్ల నెట్టుడు జతేనా? తిప్పి చూడండి. "భూమి పుస్తకాన్ని లాగుతోంది" తిప్పితే "పుస్తకం భూమిని లాగుతోంది" వస్తుంది. బల్ల పేరే లేదు. కాబట్టి అవి జత కావు. జతలోని రెండు బలాలు ఎప్పుడూ వేర్వేరు వస్తువుల మీద పడతాయి, అందుకే ఒకదాన్నొకటి రద్దు చేసుకోవు.

దీంతో ఎద్దుబండి చిక్కు విడిపోతుంది. ఎద్దు బండిని ఎంత లాగితే బండి ఎద్దును అంతే వెనక్కి లాగుతుంది కదా, మరి కదలడం ఎలా? బండి బొమ్మ ఒక్కటే గీయండి: ఎద్దు ముందుకు లాగుతోంది, ఘర్షణ వెనక్కి నెడుతోంది. మొదటిది ఎక్కువైతే బండి కదులుతుంది. ఎద్దు బొమ్మ విడిగా గీయండి: బండి వెనక్కి లాగుతోంది, నేల ముందుకు నెడుతోంది. గిట్టలు నేలను వెనక్కి తంతాయి కాబట్టే నేల ఎద్దును ముందుకు నెడుతుంది. బురదలో ఆ పట్టు దొరక్క జారుతుంది.

బెలూన్ ఊది, దానికి స్ట్రా అంటించి, గదిలో అడ్డంగా కట్టిన దారం మీద వదలండి. బెలూన్ గాలిని వెనక్కి నెడుతోంది, గాలి బెలూన్‌ను ముందుకు నెడుతోంది. రాకెట్ మంట నేలను తన్ని లేస్తుందని చాలామంది అనుకుంటారు. అలాగైతే ఆకాశంలో నేల లేని చోట ఎలా పోతుంది? రాకెట్ వాయువులను కిందికి నెడుతుంది, వాయువులు రాకెట్‌ను పైకి నెడతాయి. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3ని మోసుకెళ్లిన ఎల్‌వీఎం-3 రాకెట్ ద్రవ్యరాశి సుమారు 640 టన్నులు. అంటే భూమి దాన్ని 63 లక్షల న్యూటన్ల దాకా లాగుతోంది. వాయువుల నెట్టుడు అంతకన్నా ఎక్కువైతేనే అది పీఠం వదులుతుంది. ఇంధనం మండేకొద్దీ ద్రవ్యరాశి తగ్గుతుంది, రెండో నియమం ప్రకారం వేగం ఇంకా చురుగ్గా పెరుగుతుంది.

చివరగా, మూడు నియమాలూ కలిసే చోటు: లిఫ్ట్

బరువు చూసుకునే మిషన్ ఉంటే, పెద్దవాళ్లు తోడుండగా దాన్ని లిఫ్ట్‌లో పెట్టుకుని దాని మీద నిలబడండి. మీ బొమ్మ గీయండి. బాణాలు రెండే: భూమి కిందికి, మిషన్ పైకి. మీరు 40 కిలోలనుకుందాం. భూమి లాగుడు 392 న్యూటన్లు. లిఫ్ట్ పైకి బయల్దేరేటప్పుడు త్వరణం 1 మీటరు/సెకను² అయితే ఫలిత బలం 40 × 1 = 40 న్యూటన్లు పైకి ఉండాలి. కాబట్టి మిషన్ మిమ్మల్ని 432 న్యూటన్లతో నెట్టాలి. వాక్యం తిప్పితే, మీరు మిషన్‌ను 432తో నొక్కుతున్నారు. అది 44 కిలోలు చూపిస్తుంది. పై అంతస్తు దగ్గర ఆగబోయేటప్పుడు 40 కన్నా తక్కువ చూపిస్తుంది. మధ్యలో, లిఫ్ట్ ఒకే వడితో పోతున్నప్పుడు ఎంత చూపిస్తుందో ముందు నోట్‌బుక్‌లో కారణంతో సహా రాసి పెట్టుకుని, అప్పుడు ఎక్కండి.